ఒక ట్రాక్టర్, మూడు లాట్లు: ఫారంలో నింపిన వివరాలు సర్వర్‌కు ఏ రూపంలో చేరాలి

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లి సీజన్లో ఒక ట్రాక్టర్ వచ్చిందనుకుందాం. బండి ఒకటే, రైతూ ఒక్కరే. సరుకు మాత్రం మూడు కుప్పలు, అంటే మూడు లాట్లు: పెద్ద గడ్డ 60 బస్తాలు, మధ్యరకం 45, చిన్న గడ్డ 20. కాగితం మీద రాసే గుమాస్తాకు దీంతో ఏ ఇబ్బందీ లేదు. పైన పేరు, ఊరు ఒకసారి రాసి, కింద గీతలు కొట్టి మూడు వరుసలు నింపుతాడు. ఏ బరువు ఏ బస్తాలదో ఆ గీతలే చెబుతాయి. అదే చీటీని వెబ్ ఫారంగా మార్చినప్పుడు తెరమీద గీతలు కనిపిస్తూనే ఉంటాయి కానీ, సబ్మిట్ నొక్కగానే మాయమవుతాయి. సర్వర్‌కు చేరేది గీతల్లేని చీటీ.

ఎందుకంటే హెచ్‌టీఎంఎల్ ఫారానికి తెలిసింది జంటలే: ఫీల్డు పేరు, దాని విలువ. పోస్ట్ పద్ధతిలో అది మూడు రకాల ఎన్‌కోడింగ్‌లలో వెళ్లగలదు. ఏమీ చెప్పకపోతే యూఆర్ఎల్-ఎన్‌కోడెడ్, ఫైళ్లుంటే మల్టీపార్ట్, ఎవరూ పెద్దగా వాడని సాదా టెక్స్ట్. మూడింటిలోనూ డేటా ఒకే పొడవాటి దండలా ఉంటుంది. పై చీటీ మొదటి పద్ధతిలో దాదాపు ఇలా బయలుదేరుతుంది:

గ్రామం=కోడుమూరు&బస్తాలు=60&బరువు=2940&బస్తాలు=45&బరువు=2160&బస్తాలు=20&బరువు=910

సర్వర్ దీన్ని విప్పి, ఒకే పేరున్నవాటిని ఒక లిస్టుగా చేసుకోవచ్చు. బస్తాల లిస్టులో మూడు, బరువుల లిస్టులో మూడు. మొదటిదానికి మొదటిది జతపరిస్తే సరిపోతుందనిపిస్తుంది. చెక్‌బాక్స్ వచ్చేదాకా సరిపోతుంది కూడా.

ప్రతి వరుసలో 'గ్రేడింగ్ అయింది' అని ఒక చెక్‌బాక్స్ పెట్టారనుకుందాం. గుమాస్తా మొదటి వరుసకూ మూడో వరుసకూ టిక్ పెట్టాడు. టిక్ పెట్టని చెక్‌బాక్స్ 'లేదు' అని పంపదు, అసలేమీ పంపదు. కాబట్టి గ్రేడింగ్ లిస్టులో రెండే విలువలు వస్తాయి, రెండూ 'ఆన్'. సర్వర్ వాటిని వరసగా మొదటి రెండు లాట్లకు తగిలిస్తుంది. గ్రేడింగ్ కాని మధ్యరకం అయినట్టు, అయిన చిన్న గడ్డ కానట్టు నమోదవుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు. వేలంపాట దగ్గర ఎవరైనా బస్తా విప్పి చూస్తేనే తప్పు బయటపడుతుంది.

దీనికి పాత మందు ఫీల్డు పేర్లలోనే చతురస్ర బ్రాకెట్లు పెట్టడం: లాట్లు[0][బరువు], లాట్లు[1][బరువు]. సర్వర్ వైపు వాడే భాష పీహెచ్‌పీ ఈ పేర్లను చూసి లోపల లాట్లను విడివిడిగా పేర్చుకుంటుంది. చిన్న ఫారాలకు ఇది ఇప్పటికీ పనికొచ్చే మార్గమే. అయితే ఇది పీహెచ్‌పీ, రెయిల్స్ లాంటివి పాటించే ఆనవాయితీ మాత్రమే, ఫారం ప్రమాణంలో ఈ బ్రాకెట్లకు అర్థమేమీ లేదు. పైగా పీహెచ్‌పీ ఒక రిక్వెస్టులో తీసుకునే ఫీల్డుల సంఖ్యకు డీఫాల్టుగా 1000 అని పరిమితి ఉంది. రోజువారీ రిజిస్టరంతా ఒకే పేజీలో పెట్టి 200 వరుసలకు ఆరేసి ఫీల్డులు పంపితే 1200 అవుతాయి. చివరి 200 ఫీల్డులు, అంటే ముప్పైకి పైగా వరుసలు, రాలిపోతాయి. ఒక వార్నింగ్ పడుతుంది, పని మాత్రం ఆగదు. మిగిలినదాన్ని సర్వర్ శుభ్రంగా సేవ్ చేసుకుంటుంది.

గీతలతో సహా చీటీని పంపడమే ఆబ్జెక్టుగా, అంటే పేర్లూ విలువలూ ఒకదానిలో ఒకటి ఇమిడిన కట్టగా, పంపడమంటే. దానికి ఇప్పుడు అందరూ వాడే రూపం జేసన్. 2000ల మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫోర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ రూపానికి ప్రస్తుత ఇంటర్నెట్ ప్రమాణం 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8259. మన చీటీ అందులో ఇలా ఉంటుంది. ప్రోగ్రాముల్లో కీలను (ప్రతి విలువకూ ముందుండే పేర్లను) ఇంగ్లీషులోనే పెడతారు కానీ, తెలుగులో పెట్టినా జేసన్‌కు అభ్యంతరం లేదు.

{
  "తేదీ": "2025-09-12",
  "గ్రామం": "కోడుమూరు",
  "లాట్లు": [
    {"రకం": "పెద్ద", "బస్తాలు": 60, "కిలోలు": 2940},
    {"రకం": "మధ్య", "బస్తాలు": 45, "కిలోలు": 2160},
    {"రకం": "చిన్న", "బస్తాలు": 20, "కిలోలు": 910}
  ]
}

గ్రామం ఒకసారే ఉంది. ప్రతి బరువూ తన బస్తాల పక్కనే ఉంది. గ్రేడింగ్ సంగతి కూడా చేర్చాలంటే ప్రతి లాట్‌లోనూ అవునో కాదో స్పష్టంగా రాసి పంపవచ్చు, పక్క వరుసకు జారిపోయే వీలుండదు.

బ్రౌజర్ దీన్ని దానంతటది చేయదు. ఫారాలే నేరుగా జేసన్ పంపేలా ఒక ప్రతిపాదన వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీలో నడిచింది కానీ, 2015లో దాన్ని పక్కన పెట్టేశారు. కాబట్టి జావాస్క్రిప్ట్ రాయక తప్పదు. ఫారం సబ్మిట్ ఈవెంటును పట్టుకుని, బ్రౌజర్ సొంతంగా పంపడాన్ని ఆపి, ఫీల్డుల నుంచి ఆబ్జెక్టు కట్టి, దాన్ని జేసన్ టెక్స్టుగా మార్చి, ఫెచ్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌తో పంపాలి. పట్టుకోవలసింది సబ్మిట్ ఈవెంటునే, బటన్ క్లిక్‌ను కాదు. క్లిక్ దగ్గరే పంపేస్తే తప్పనిసరి ఫీల్డుల తనిఖీ జరగకముందే డేటా వెళ్లిపోతుంది. ఎంటర్ కొట్టినప్పుడు ఒకలా, బటన్ నొక్కినప్పుడు ఇంకోలా నడిచే ఫారాల్లో చాలావాటి జబ్బు ఇదే.

ఆబ్జెక్టు కట్టే దగ్గర రెండు గుంతలున్నాయి, కొత్తవాళ్లు దాదాపు అందరూ వరసగా రెండింట్లోనూ పడతారు. మొదటిది, ఫామ్‌డేటాను (ఫారం ఫీల్డులన్నీ బ్రౌజర్ పోగేసి ఇచ్చేది) నేరుగా జేసన్.స్ట్రింగిఫైకి (జేసన్ టెక్స్టుగా మార్చే ఫంక్షన్‌కు) ఇవ్వడం. ఫారం నిండా వివరాలున్నా ఖాళీ మీసాల బ్రాకెట్లు మాత్రమే వస్తాయి. దాంతో నెట్‌లో వెతికి ఆబ్జెక్ట్.ఫ్రమ్‌ఎంట్రీస్ అనే ఒక్క లైను చిట్కా పట్టుకొస్తారు. అది రెండో గుంత. ఒకే పేరుతో మూడు విలువలుంటే చివరిదే మిగులుతుంది. ట్రాక్టర్‌లో వచ్చిన 125 బస్తాల్లో చిన్న గడ్డ 20 మాత్రం నమోదై, మిగతా 105 దారిలో పోతాయి. వరుసలున్న ఫారానికి ఆ చిట్కా పనికిరాదు. ప్రతి వరుసనూ విడిగా తీసుకుని, అందులోని ఫీల్డులతో ఒక చిన్న ఆబ్జెక్టు కట్టి, లిస్టులోకి చేర్చుకుంటూ పోవాలి. పది పదిహేను లైన్ల పని. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఫామ్‌డేటాలో పేరు లేని ఫీల్డు చేరదు, డిజేబుల్ చేసిన ఫీల్డూ చేరదు, రీడ్-ఓన్లీ పెట్టింది చేరుతుంది. 'మార్చకూడదు కానీ పంపాలి' అనుకున్న రసీదు నంబరును డిజేబుల్ చేసి, అది సర్వర్‌కు ఎందుకు రావడం లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక ఆకారం కన్నా ఎక్కువ నష్టం చేసేది రకం, అంటే ఏది అంకె, ఏది అక్షరాల వరస అన్నది. ఫారంలో ఏం టైపు చేసినా వచ్చేది టెక్స్టే. నంబర్ ఫీల్డు పెట్టినా దాని విలువ "60" అనే స్ట్రింగే, అంటే అక్షరాల వరసే. జేసన్‌లో 60, "60" వేరువేరు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మార్చాలి. ఆ చోటు ఒక్కటే ఉండాలి, ఏ ఫీల్డును దేనిగా మార్చాలో పేరుపేరునా రాసి ఉండాలి. 'అంకెలా కనిపిస్తే అంకెగా మార్చు' అనే తెలివైన కోడ్ ఉంటుంది చూడండి, అంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదు.

ఖాళీ ఫీల్డుతో మొదలుపెడదాం. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగును నంబరుగా మారిస్తే సున్నా వస్తుంది. కాటా ఇంకా వేయని లాట్ 'బరువు సున్నా కిలోలు' అయి కూర్చుంటుంది. తూకం వేయలేదు అన్నదీ, తూకం వేస్తే సున్నా వచ్చింది అన్నదీ ఒకటి కాదు కదా. ఖాళీ అయితే ఆ కీకి 'నల్' (విలువ లేదనే గుర్తు) పెట్టాలి లేదా కీనే పంపకూడదు. రెండింటిలో ఏదో సర్వర్ రాసేవాళ్లతో ముందే అనుకోవాలి.

ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, పిన్‌కోడ్ ఇవన్నీ అంకెలతో రాసినా అంకెలు కావు. వాటిని ఎవరూ కూడరు, గుణించరు. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే నంబరుగా మార్చగానే ఆ సున్నా పోతుంది. పొడవుతోనూ ప్రమాదమే. జావాస్క్రిప్ట్ కచ్చితంగా మోయగల పూర్ణసంఖ్య 9007199254740991 దాకానే, 16 అంకెలు. 9007199254740993 ఇస్తే చడీచప్పుడు లేకుండా 9007199254740992 అయిపోతుంది. ఖాతా నంబరులో చివరి అంకె మారిందంటే డబ్బు వెనక్కి రావడమో, ఇంకొకరి ఖాతాలో పడటమో జరుగుతుంది. సర్వే నంబరు ఇంకో రకం: 214/2 అన్నా, 12-10 అన్నా అది పేరే. 12.10 అని రాసినదాన్ని నంబరుగా తీసుకుంటే 12.1 అవుతుంది, అది వేరే సబ్‌డివిజన్. ఇవన్నీ కోట్లలోనే వెళ్లాలి.

విస్తీర్ణం మన దగ్గర ప్రత్యేకమైన తలనొప్పి. పంట నమోదు ఫారంలో ఎకరాలు, సెంట్లు కలిపి ఒకే పెట్టెలో 2.40 అని రాయిస్తారు. నంబరుగా మారగానే అది 2.4. తర్వాత ప్రింటు తీసినప్పుడు 2.4 అని కనిపిస్తే ఒకరు రెండెకరాల నలభై సెంట్లు అనుకుంటారు, ఇంకొకరు రెండెకరాల నాలుగు సెంట్లు అనుకుంటారు. సరే, సెంట్లలోకి మార్చి దాచుకుందామని వందతో గుణిస్తే ఇంకో వింత. 4.35ను 100తో గుణిస్తే జావాస్క్రిప్ట్ ఇచ్చే జవాబు 435 కాదు, 434.99999999999994. దశాంశాలను రెండు ఆధారంగా దాచుకునే పద్ధతిలో 4.35 కచ్చితంగా ఇమడదు. చుక్క తర్వాతది కొట్టేసే కోడ్ అక్కడుంటే రైతుకు ఒక సెంటు భూమి తగ్గిపోయింది. దీనికి మందు లెక్కల్లో లేదు, ఫారంలోనే ఉంది. ఎకరాలకొక పెట్టె, సెంట్లకొక పెట్టె పెట్టి, రెండూ పూర్ణసంఖ్యలుగా తీసుకుని, 4 × 100 + 35 = 435 సెంట్లు అని పంపాలి. డబ్బుకూ అంతే, పైసల్లో పంపితే గొడవ ఉండదు. బరువు గ్రాముల దాకా అక్కర్లేదు, కిలోలు చాలు. క్వింటాలు అన్నది ధర చెప్పడానికే, దాచడానికి కాదు.

తేదీ దగ్గర జరిగే తప్పుకు ఒక గుర్తు ఉంది: సర్వర్‌లో సమయం ఎప్పుడూ 18:30 అని కనిపిస్తుంది. తేదీ ఫీల్డు తెరమీద 12/09/2025 అని చూపించినా, లోపల విలువ "2025-09-12" అనే స్ట్రింగే. దాన్ని అలాగే పంపితే ఏ గొడవా లేదు. కానీ క్యాలెండర్ లైబ్రరీలు తరచూ దాన్ని డేట్ ఆబ్జెక్టుగా చేస్తాయి, కర్నూలు సమయం ప్రకారం సెప్టెంబర్ 12 అర్ధరాత్రి అని. జేసన్‌గా మారేటప్పుడు ఆ ఆబ్జెక్టు యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి, వెళుతుంది. మన గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అది సెప్టెంబర్ 11, 18:30 అవుతుంది. సర్వర్ ముందు భాగం మాత్రం కత్తిరించుకుని 11వ తేదీ అని రాసుకుంటుంది. ఆ రోజు ధర వేరు, రశీదు మీద తేదీ వేరు. రోజుతో మాత్రమే పనున్న చోట డేట్ ఆబ్జెక్టు జోలికే పోకూడదు.

తెలుగులో నింపే ఫారాలకు జేసన్ ఇంకోలా కూడా లాభం. 'కర్నూలు' కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి ఏడు. ఒక్కోదానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొత్తం 21. జేసన్‌లో అంతే వెళుతుంది. యూఆర్ఎల్-ఎన్‌కోడింగ్‌లో ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిపి మూడక్షరాలవుతుంది కాబట్టి 63. పైథాన్ సర్వర్ తన డీఫాల్టు పద్ధతిలో జేసన్ రాస్తే ప్రతి గుర్తునూ ఆరక్షరాల కోడ్‌గా మారుస్తుంది, 42. చదివేటప్పుడు అన్నీ మళ్లీ 'కర్నూలు'గానే వస్తాయి, తప్పేమీ కాదు. కానీ ఫీల్డు గరిష్ఠ పొడవు 20 అని పెడితే అది ఈ గుర్తులనే లెక్కిస్తుంది, కంటికి కనిపించే అక్షరాలను కాదు. తెలుగులో తొమ్మిది పదక్షరాలకే పెట్టె నిండిపోతుంది.

కంటికి కనిపించని గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు దాన్ని పొల్లు వెంటే పెడతాయి. సి.బెళగల్ అని ఇద్దరు టైపు చేస్తే, ఒకరి మాట చివర ఇది ఉండొచ్చు, ఇంకొకరిది ఉండకపోవచ్చు. తెరమీద రెండూ ఒకటే, డేటాబేస్‌కు రెండు ఊళ్లు. ట్రిమ్ వాడితే ఖాళీలు పోతాయి కానీ ఇది పోదు, విడిగా తీసేయాలి. అసలు ఊరి పేర్లు టైపు చేయించకుండా జాబితా నుంచి ఎంచుకునేలా చేసి, పేరు బదులు కోడ్ పంపడం మంచిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు డోన్ కర్నూలు నుంచి నంద్యాలకు మారింది. జిల్లా పేరును ప్రతి రికార్డులో స్ట్రింగ్‌గా నింపుకున్నవాళ్లు అన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చే మార్పు అది. ఊరి కోడ్ పెట్టుకున్నవాళ్లకు ఒక పట్టిక మారిస్తే సరిపోతుంది.

పంపేటప్పుడు కంటెంట్-టైప్ హెడర్ మర్చిపోవడం మామూలు. ఫెచ్‌కు స్ట్రింగ్ ఇస్తే అది సాదా టెక్స్ట్ అని చెప్పి పంపుతుంది. లోపల జేసన్ ఉందని సర్వర్ ఊహించుకోదు. కొన్ని 415, అంటే ఈ రకం డేటా తీసుకోను, అని తిప్పికొడతాయి, కొన్ని ఏమీ అందనట్టు నడుచుకుంటాయి. 'అప్లికేషన్/జేసన్' అని స్పష్టంగా పెట్టాలి. పీహెచ్‌పీలో హెడర్ సరిగ్గా ఉన్నా ఫారం వివరాలు చేరే పోస్ట్ అర్రే ఖాళీగానే ఉంటుంది, అది ఫారం ఎన్‌కోడింగ్‌లకే నిండుతుంది. ముడి ఇన్‌పుట్‌ను చదివి జేసన్‌గా విప్పుకోవాలి. పేజీ ఒక డొమైన్‌లో, సర్వీసు ఇంకో డొమైన్‌లో ఉంటే మరో మెలిక: జేసన్ హెడర్ చూడగానే బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్టు పంపి అనుమతి అడుగుతుంది. దానికి సర్వర్ జవాబివ్వకపోతే అసలు డేటా బయలుదేరదు. 'పోస్ట్‌మన్‌లో పనిచేస్తోంది, పేజీలో పనిచేయడం లేదు' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. పోస్ట్‌మన్ అనేది సర్వర్‌ను పరీక్షించే సాధనం, బ్రౌజర్ పేజీ కాదు, అది ముందుగా అనుమతి అడగదు.

ఫోటో పంపాలంటే జేసన్ ఒక్కటే చాలదు. ఫైలును బేస్64 టెక్స్టుగా మార్చి ఆబ్జెక్టులో పెట్టవచ్చు కానీ, ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. 3 ఎంబీ ఫోటో 4 ఎంబీ అవుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ డీఫాల్టుగా ఒక రిక్వెస్టుకు ఒప్పుకునేది 1 ఎంబీ, ఎక్స్‌ప్రెస్ అనే సర్వర్ లైబ్రరీ జేసన్‌కు ఒప్పుకునేది 100 కేబీ. రెండు చోట్లా 413, అంటే మరీ పెద్దదనే ఎర్రర్, వస్తుంది. మల్టీపార్ట్‌లో ఒక భాగంగా జేసన్ టెక్స్టును, ఇంకో భాగంగా ఫోటోను పంపడం సులువు. అప్పుడు మాత్రం కంటెంట్-టైప్‌ను చేత్తో పెట్టకూడదు. భాగాల మధ్య సరిహద్దు గుర్తును బ్రౌజరే ఆ హెడర్‌లో రాయాలి, మనం రాస్తే అది ఉండదు, సర్వర్ భాగాలను విడదీయలేదు.

జవాబు వచ్చాక చేసే తప్పు ఇంకా ఖరీదైనది. సర్వర్ 400 (పంపినదాంట్లో తప్పు) అన్నా 500 (తనలోనే తప్పు) అన్నా ఫెచ్ దృష్టిలో అది విజయమే, జవాబంటూ వచ్చింది కదా. స్టేటస్ చూడకుండా 'సేవ్ అయింది' అని పచ్చరంగులో చూపించే పేజీలకు లెక్కలేదు. తప్పుంటే సర్వర్ ఏ లాట్‌లో ఏ ఫీల్డో చెప్పాలి. '/లాట్లు/1/కిలోలు' లాంటి దారి ఇస్తే పేజీ సరిగ్గా రెండో వరుసలోని బరువు పెట్టెను ఎర్రగా చూపగలదు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి అంటే రెండో వరుస. మొత్తం సొమ్ము, కమీషన్ లాంటివి బ్రౌజర్ చూపించవచ్చు కానీ, సర్వర్ వాటిని తీసుకోకుండా తనే మళ్లీ లెక్కకట్టాలి. తనకు తెలియని కీ వస్తే డేటాబేస్‌లోకి వదలకూడదు.

సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట డేటా చేరుతుంది, జవాబు తిరిగి రాదు. గుమాస్తా మళ్లీ నొక్కుతాడు. 125 బస్తాలు 250 అవుతాయి. బటన్‌ను ఆపేయడం సగం మందే, పేజీ రీలోడ్ చేస్తే బటన్ మళ్లీ లేస్తుంది. ఫారం తెరిచినప్పుడే ఒక ప్రత్యేక ఐడీ పుట్టించి, పేజీ మూసినా పోకుండా బ్రౌజర్‌లో దాచి, ఆబ్జెక్టులో పెట్టి పంపాలి. అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ కొత్త రికార్డు చేయకుండా పాత రశీదునే తిరిగివ్వాలి. డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ కట్టుబాటు తప్పనిసరి, లేకపోతే ఒకే క్షణంలో వచ్చిన రెండు రిక్వెస్టులూ దూరిపోతాయి.

ఆ ఆబ్జెక్టులోనే రూపం సంఖ్య అని ఒక కీ మొదటిరోజు నుంచీ పెట్టుకోవాలి, "రూపం": 1 అని. వచ్చే ఏడాది కిలోల బదులు కాటా బరువు, తరుగు అని రెండు ఫీల్డులు చేశారనుకుందాం. సర్వర్ మార్చిన రోజే అందరి ఫోన్లలో పేజీ మారదు. తెరిచి వదిలేసిన ట్యాబులు, క్యాష్‌లో ఉన్న పాత స్క్రిప్టులు పాత ఆకారాన్నే పంపుతుంటాయి. సర్వర్ కొన్నాళ్లు రెండింటినీ తీసుకుంటూ, ఏ రోజు ఎన్ని పాతవి వచ్చాయో లాగ్‌లో లెక్కపెట్టుకోవాలి. సీజన్ మధ్యలో పాతదాన్ని ఆపితే కాటా దగ్గర క్యూ ఆగిపోతుంది. ఆ లెక్క వరసగా వారం రోజులు సున్నా చూపించాకే పాత కోడ్ తీసేయవచ్చు.